మందు కొట్టే ముందు రోగం ఏదో చూడండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాక మిద్దె తోటలు పెట్టుకున్న మా కాలనీ ఇళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట, మొక్క వాడిపోతోంది, ఏం మందు కొట్టాలి అని. నేనూ ముందు అదే అడిగాను, ఐదు టమాటా మొక్కలు పోగొట్టుకున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మృగశిర వెళ్లాక దగ్గర్లో ఒక నర్సరీలో నారు కొన్నాను. పూత దశకు వచ్చేసరికి ఒక మొక్క మధ్యాహ్నం తల వాల్చేసేది, సాయంత్రానికి మళ్లీ లేచేది. నీళ్లు చాలడం లేదేమో అని ఇంకో చెంబు పోశాను. మూడో రోజు ఇక లేవలేదు. ఆకు పచ్చగానే ఉంది, మచ్చ లేదు, పురుగు లేదు, మొక్క మొత్తం వేలాడిపోయింది. పురుగుమందుల షాపులో చెబితే ఆకు కూడా చూడకుండా మాంకోజెబ్ ప్యాకెట్ చేతిలో పెట్టారు. రెండుసార్లు కొట్టాను. పది రోజుల్లో పక్క కుండీల్లోవి కూడా వరసగా పడిపోయాయి.

చేవెళ్ల దగ్గర టమాటా వేసే మా చిన్నాయనకు ఫోన్ చేస్తే "కాండం కోసి నీళ్లల్ల పెట్టి చూడు బిడ్డా" అన్నాడు. మొదలు దగ్గర బెత్తెడు ముక్క కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. కొన్ని నిమిషాలకు ఆ కొస నుంచి పాలు జారినట్టు సన్నటి తెల్లటి దారాలు కిందికి దిగాయి. అదంతా బ్యాక్టీరియానే. మట్టిలోంచి వేరులోకి దూరి, నీళ్లు పైకెక్కే గొట్టాల్లోనే పెరిగి వాటిని మూసేస్తుంది, ఇక మనం ఎన్ని చెంబులు పోస్తే మాత్రం మొక్కకు ఏం అందుతుంది! నేను కొట్టింది శిలీంధ్రాల మందు, దీన్ని అదేం చేస్తుంది? పైగా ఆ మొక్క కొమ్మలు తీసిన కత్తెరతోనే కడగకుండా మిగతా వాటివీ తీశాను, అంటే నా చేత్తో నేనే అంటించినట్టు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ తెలుపు చూశాకే నాకు ఒక విషయం బుర్రకెక్కింది, తెగులు అన్న ఒక్క మాట కింద మనం మూడు నాలుగు వేరు వేరు రోగాలను కలిపేస్తున్నాం. బీర ఆకు మీద బూడిద చల్లినట్టు వస్తే అది శిలీంధ్రం, తొలి మచ్చలప్పుడే పట్టుకుంటే మందుకు లొంగుతుంది. బెండ ఆకుల ఈనెలు వల అల్లినట్టు పసుపెక్కితే శంఖు రోగం, అది వైరస్, దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. వైరస్‌కు మందే లేదు, ఆ మొక్కను పీకేసి, పసుపు జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి దోమను ఆపాలి. చాలాసార్లు అసలు రోగమే ఉండదు, కుండీ అడుగున బెజ్జం మూసుకుపోయి వేరు కుళ్లుతుంది, దానికీ మందు కొడుతూనే ఉంటాం.

2021లో నగరంలో వేపచెట్లు కొమ్మల కొసల నుంచి ఎండుకుంటూ వచ్చాయి గుర్తుందా? సెల్ టవర్ వల్ల అన్నారు, అరిష్టం అన్నారు, మా వీధిలో ఒకరు చెట్టే కొట్టించేశారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షించి, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కలిసి చేస్తున్న పని అని చెప్పారు. మా గేటు ముందున్న చెట్టుకు ఎండిన కొమ్మలు కోయించి ఊరుకున్నాం, వేసవికి మళ్లీ చిగురించింది.

రైతుకైతే ఈ తేడా తెలియకపోతే పంటే పోతుంది. సాంబ మసూరికి వచ్చే బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు నమ్మకంగా పనిచేసే మందు లేదు కాబట్టే, మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి సంకరం చేసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. ఆ రకం 2008లో విడుదలైంది. బియ్యం అదే సన్న బియ్యం, తెగులును మాత్రం మొక్కే తట్టుకుంటుంది. రోగమేదో తేల్చుకున్నారు కాబట్టే మందు జోలికి పోకుండా విత్తనం దగ్గరే ఆపగలిగారు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒకసారి ఒక రోగం, పెద్ద రంగుల ఫోటోతో వేయండి, ఇది శిలీంధ్రం, ఇది వైరస్ అని గుర్తుపట్టేలా. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, అక్కడివారి చేత రాయించండి. రోగం నారుతోనే ఇంటికి రాకుండా, నారు అమ్మే నర్సరీలను ఉద్యాన శాఖ వాళ్లు వానాకాలానికి ముందు ఒకసారి చూసి వెళ్లినా చాలు.

నా ఐదు కుండీల మట్టి ఇంకా మేడ మీదే ఓ మూల మూటగట్టి ఉంది. ఈ బ్యాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుందట, పార్కులో పోయడానికి మనసొప్పలేదు. ఏప్రిల్‌లో తడిపి పల్చగా పరిచి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి ఆరు వారాలు ఎండబెడతాను. ఆ తర్వాత కూడా అందులో టమాటా, వంకాయ, మిరప పెట్టను, ఆకుకూరలే వేస్తాను.

- ఒక మిద్దె తోట పాఠకులు, వనస్థలిపురం, హైదరాబాద్