నిర్ధారణ కాని రుగ్మతకు కోడ్ వేశాం: క్లినిక్‌లకు మా వివరణ

మా బిల్లింగ్ సేవలు పొందుతున్న మానసిక వైద్య క్లినిక్‌ల వైద్యులకు, నిర్వాహకులకు నమస్కారం.

మేము పంపిన అవుట్‌పేషెంట్ క్లెయిములను ఇటీవల తిరిగి పరిశీలించినప్పుడు, వైద్యులు నోట్‌లో ‘బోర్డర్‌లైన్ కావచ్చు’ అనో ‘రూల్ అవుట్’ (ఉందో లేదో ఇంకా తేల్చాలి) అనో మాత్రమే రాసిన కొన్ని చోట్ల మా సిబ్బంది బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతను సూచించే ఎఫ్60.3 కోడ్ వేసినట్టు తేలింది. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-10-సీఎం (రుగ్మతలకు కోడ్లు కేటాయించే వర్గీకరణ) మార్గదర్శకాల ప్రకారం, అవుట్‌పేషెంట్ సందర్శనలో అనుమానం దశలో ఉన్న రుగ్మతకు కోడ్ వేయకూడదు. ఆ రోజుకు రూఢిగా తెలిసిన లక్షణాన్నో, రోగి వచ్చిన కారణాన్నో కోడ్ చేయాలి. ఆస్పత్రిలో చేరిన రోగి డిశ్చార్జి సమయంలో అనుమానంగానే మిగిలిన రుగ్మతను ఉన్నట్టుగానే కోడ్ చేసే వీలుంది. ఆ పద్ధతిని క్లినిక్‌లకూ వర్తింపజేయడం మా పొరపాటు, దానికి బాధ్యత నాది.

తిరస్కరణకు గురైన క్లెయిమును సరిచేసి పంపుకోవచ్చు. ఏ వైద్యుడూ నిర్ధారించని వ్యక్తిత్వ రుగ్మత ఒక మనిషి పేరు పక్కన ఇన్సూరెన్స్ రికార్డులోకి చేరిపోయిందన్న సంగతే నన్ను ఎక్కువగా బాధించింది.

పరిశీలనలో మరో లోపం కూడా బయటపడింది. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) కోడ్లు ఎఫ్42 కింద ఉంటాయి, వ్యక్తిత్వ రుగ్మత అయిన ఓసీపీడీకి (అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ డిజార్డర్) ఎఫ్60.5 వేయాలి, ఒక్క అక్షరం తేడాతో రాసే ఈ రెండూ వేర్వేరు రుగ్మతలైనా మేము ఒకదాని బదులు మరొకటి వేసిన సందర్భాలున్నాయి. రకం తేల్చకుండా వ్యక్తిత్వ రుగ్మతను నిర్ధారించినప్పుడు వాడాల్సిన ఎఫ్60.9ని, నోట్ అస్పష్టంగా ఉన్నప్పుడల్లా వాడడం కూడా సరికాదు.

తప్పుగా వెళ్లిన ప్రతి క్లెయిమును, మీ వైద్యులు నోట్ చూసి ధ్రువీకరించాక, ఇన్సూరెన్స్ క్లెయిములు పంపే సీఎంఎస్-1500 ఫారంలోని 22వ గడిలో 7 వేసి సవరించిన క్లెయిముగా రుసుము లేకుండా పంపుతాం. ఇకపై నోట్ స్పష్టంగా లేకపోతే మేము ఊహించకుండా వైద్యుడినే అడుగుతాం, జవాబు వచ్చేదాకా క్లెయిము ఆపుతాం. దీనివల్ల కొన్ని చెల్లింపులు ఆలస్యం కావచ్చు. రుగ్మత పేరును పొట్టి అక్షరాల్లో కాక పూర్తిగా రాయాలని, లక్షణాలు మాత్రమే కనిపించి రుగ్మత నిర్ధారణ కాకపోతే ఆ మాట విడిగా రాయాలని వైద్యులను కోరుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ ఐసీడీ-11కు మారుతున్నామా అని కొందరు అడిగారు. అది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చి, వ్యక్తిత్వ రుగ్మతలను ప్రధానంగా తీవ్రతను బట్టి వర్గీకరిస్తున్నా, అమెరికా క్లెయిముల్లో ఇప్పటికీ ఐసీడీ-10-సీఎం కోడ్లే చెల్లుతాయి కాబట్టి రుగ్మత రకాన్ని నోట్‌లో రాయడం మానవద్దు.

సవరించాల్సిన క్లెయిముల జాబితాను ప్రతి క్లినిక్‌కూ విడివిడిగా, గోప్యంగా పంపిస్తున్నాం.