మడత తెరను తూచేటప్పుడు కీబోర్డునూ కలపండి

సంపాదకులకు నమస్కారం.

మడత తెర కంప్యూటర్ల గురించి, అంటే తెరే మధ్యకు మడతపడి కీబోర్డు విడిగా వచ్చే ల్యాప్‌టాప్‌ల గురించి, మీ సాంకేతిక పుటలో వచ్చిన వ్యాసం చదివాను. వివరంగానే ఉంది. కానీ చదువుతున్నంతసేపూ ఒక అనుమానం నన్ను వదల్లేదు. ఆ యంత్రాన్ని సంచిలో వేసుకుని ఎవరైనా ఊరు దాటి పనికి వెళ్ళి చూశారా? ఫొటోల్లో అది నున్నటి చెక్క బల్ల మీద, కాఫీ కప్పు పక్కన కనిపించింది. ప్రయాణాల్లో పని చేసుకునేవారికి ఇది వరమని రాశారు. ఆ కోవలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం.

నేను బీమా సర్వేయర్ని, గుంటూరులో ఉంటాను. కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచినా, జిన్నింగ్ మిల్లులో పత్తి కాలినా, దుకాణంలోకి వరద నీరు వచ్చినా బీమా కంపెనీ తరఫున వెళ్ళి నష్టం అంచనా కట్టడం నా వృత్తి. మా మేనల్లుడు ఆ మధ్య, మూల నుంచి మూలకు కొలిస్తే పదిహేడు అంగుళాలుండే మడత తెర కంప్యూటర్ కొన్నాడు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. "కొన్నాళ్ళు నువ్వు తిప్పి చూడు మామయ్యా, అప్పుడు నిజం తెలుస్తుంది" అని నా చేతిలో పెట్టాడు. తిప్పాను.

ముందు దాని గొప్ప చెప్పాలి. తెరను పూర్తిగా విప్పి నిలువుగా నిలబెడితే పొడవు పదమూడు అంగుళాలు దాటుతుంది, వెడల్పు పది దాటుతుంది. ఏ4 కాగితం అసలు కొలతతోనే అందులో ఇమిడిపోయి చుట్టూ చోటు మిగులుతుంది. మా పనిలో ఇది చిన్న విషయం కాదు. స్టాక్ రిజిస్టర్లను పుట పుటా ఫొటో తీసుకుని వస్తాం. గుమాస్తాల చేతిరాత, కొట్టివేతలు, కొట్టివేత మీద మళ్ళీ దిద్దుబాట్లు. ఆదోనిలో ఒక మిల్లు పని ముగించుకుని రాత్రి లాడ్జి గదిలో ఒక పుట తెరిచి చూస్తుంటే, ఒక వరుసలో నీలం సిరా మీద కాస్త ముదురు నీలం సిరా తేలింది. 142 బేళ్ళు 742 అయ్యాయి. ఒకటి తలకు చిన్న గీత చేర్చి ఏడు చేశారు. మామూలు ల్యాప్‌టాప్‌లో అయితే పుటను పైకీ కిందికీ జరుపుకుంటూ పెద్దది చేసి చూడాలి. పుటంతా ఒక్కసారి కళ్ళ ముందు ఉన్నప్పుడే, మిగతా ఒకట్ల మధ్య ఈ ఏడు వేరుగా కనిపిస్తుంది. ఆ రాత్రి మేనల్లుడికి ఫోను చేసి మెచ్చుకున్నాను కూడా.

అది గదిలో, బల్ల ముందు, ఫ్యాను కింద.

విశాఖ వెళ్ళడానికి రత్నాచల్ రైలులో చైర్ కార్ ఎక్కినప్పుడు కథ మారింది. ముందు సీటు వెనక విప్పుకునే చిన్న బల్ల ఉంటుంది కదా, తెర విప్పి వెనక స్టాండు వేస్తే ఆ బల్ల మొత్తం దానికే చాలీచాలనట్టు అయింది. కీబోర్డు ఒళ్ళోకి వచ్చింది. ముందు కూర్చున్నాయన కునుకు తీయడానికి కుర్చీ వాల్చగానే తెర నా మీదికి వాలింది. ఆయన తప్పేమీ లేదు, కుర్చీ ఉన్నదే వాల్చుకోవడానికి. చివరికి తెరను సగానికి మడిచి, కింది సగం మీద కీబోర్డు పరుచుకుని మామూలు ల్యాప్‌టాప్ లాగా వాడాను. అప్పుడు కంటికి మిగిలిన తెర పన్నెండు అంగుళాల చిల్లర. పదిహేడు అంగుళాల కోసం పెట్టిన డబ్బంతా రైలెక్కగానే పన్నెండుకు దిగింది.

కీబోర్డు తీసేసి, తెర మీద కనిపించే అక్షరాలనే తాకి టైపు చేయవచ్చని మీ వ్యాసంలో ఉంది. చేయవచ్చు, నాలుగు మాటల సందేశమైతే. నేను నివేదిక ఇంగ్లీషులో రాసినా, సరుకు పోగొట్టుకున్నవారి వాంగ్మూలం మాత్రం వారు చెప్పినట్టే తెలుగులో, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో కొట్టుకుంటాను. అందులో పొల్లు ఎడమచేతి మధ్యవేలి కింద ఉంటుంది. వెంకటేశ్వర్లు అని కొట్టాలంటే ఆ వేలు రెండుసార్లు దిగాలి. అసలు కీబోర్డు మీద చూపుడువేళ్ళ కింద చిన్న గుబ్బలు తగులుతాయి కాబట్టి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ రాసుకుపోవచ్చు. నున్నటి తెర మీద వేలికి ఏమీ తగలదు, తల దించి చూసుకోవాల్సిందే. కాలిపోయిన దుకాణం ముందు నిలబడి చెబుతున్న మనిషి వైపు చూడకుండా తెర వైపు చూస్తూ కూర్చోవడం మర్యాద కాదు. పైగా ఎక్కడ ఆగాడో, ఏ అంకె దగ్గర తడబడ్డాడో చూడటమే నా పనిలో సగం.

ఇక తూకం. ఆసుస్ 2022లో తెచ్చిన జెన్‌బుక్ 17 ఫోల్డ్ కిలోన్నర అంటారు. అది కీబోర్డు లేకుండా. కలిపితే కిలో ఎనిమిది వందల గ్రాములు. హెచ్‌పీ 2023లో తెచ్చిన మడత యంత్రం 1.35 కిలోలన్నదీ కీబోర్డు పక్కన పెట్టి చెప్పిన లెక్కే, చేరిస్తే 1.62. మడతపడని పదిహేడు అంగుళాల 2022 నాటి ఎల్‌జీ గ్రామ్ ల్యాప్‌టాప్ కీబోర్డుతో సహా 1.35 కిలోలే తూగుతుంది. మా మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, తూచి సంచి బరువు తీసేస్తారు. ఇక్కడ సరుకులోనే కొంత తీసేసి తూకం చెబుతున్నారు. మడత తెర వల్ల సంచిలో చోటు కలిసివస్తుంది, నిజం. భుజానికి కలిసివచ్చేది ఏమీ లేదు. ఫోను ఛార్జరు రకం టైప్-సి తీగతోనే ఛార్జి అవుతుంది, ఆ ఒక్క సుఖం ఉంది.

లెనోవో మొదటి మడత తెర కంప్యూటర్‌ను 2020 జనవరిలో చూపించినప్పుడు తెర 13.3 అంగుళాలు. 2025 మేలో హువావే చైనాలో తెచ్చినదానికి 18. అయిదేళ్ళలో తెర ఇంత పెరిగింది. విడిగా మోసుకెళ్ళే కీబోర్డు మాత్రం ఇంకా విడిగానే ఉంది. మైక్రోసాఫ్ట్ 2019 అక్టోబరులో ఆర్భాటంగా ప్రకటించిన రెండు తెరల సర్ఫేస్ నియో అయితే అసలు దుకాణానికే రాలేదు.

ధర సంగతి నేను వేరే కంటితో చూస్తాను. ఆసుస్ యంత్రం మన దేశంలోకి వచ్చినప్పుడు 3,29,990 రూపాయలు. దాని కీలును ముప్పై వేలసార్లు తెరిచి మూసి పరీక్షించామని కంపెనీ చెప్పింది. రోజుకు ఇరవైసార్లు తెరిచి మూసినా నాలుగేళ్ళు వస్తుంది, అంతవరకు సరే. కానీ ఆ లెక్కలో కారపు ధూళి ఉందని ఎక్కడా రాయలేదు. మడతపడే తెర పైపొర మామూలు గాజంత గట్టిగా ఉండదు. మూసేటప్పుడు మధ్యలో ఇసుక రేణువో మసి పలుకో ఉంటే రెండు సగాలూ కలిసి దాన్ని నొక్కుతాయి. బూడిదలో, పత్తి నూగులో తిరిగే నేను మూసే ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాను. మామూలు ల్యాప్‌టాప్‌కు తెర ఒక భాగం. దీనికి తెరే యంత్రం. తెర పోతే, మా భాషలో చెప్పాలంటే, దాదాపు టోటల్ లాస్. వారంటీ దాటాక కొత్త తెరకు ఎంత అవుతుందో ప్రకటనలో ధర పక్కనే ఉండాలని నా కోరిక.

నేను రోజూ వాడేది తెర మడతపడకుండా వెనక్కి పూర్తిగా తిరిగే రకం. లెనోవో యోగా పేరుతో 2012 నుంచి ఉన్న పాత ఏర్పాటే ఇది, ఇప్పుడు అన్ని కంపెనీలూ చేస్తున్నాయి. కీబోర్డు దానికే అతుక్కుని ఉంటుంది, ఎక్కడా మరచిపోలేను. జీపు బానెట్ మీద గుడారంలా నిలబెట్టి, తీసిన ఫొటోలను దుకాణదారుకే చూపిస్తాను. "ఈ అర దగ్గర ఏ సరుకు ఉండేది?" అని అడిగితే ఆయన వేలితో తాకి, పెద్దది చేసి చూపిస్తాడు. తాకే తెర వల్ల నాకు నిజంగా ఒరిగింది అదే. సంతకం కూడా తెర మీదే పెట్టమని కలం అందిస్తే ఒక పెద్దాయన వెనక్కి జరిగి, "కాగితం మీద పెడతాను బాబూ, ఇది ఎటు పోతుందో నాకు తెలియదు" అన్నాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. సంతకాలకు నా సంచిలో కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

హోటల్ గది నుంచి ఆఫీసు గదికి, అక్కడి నుంచి విమానాశ్రయానికి తిరిగేవారికి మడత తెర పనికొస్తుందనడంలో సందేహం లేదు. పెద్ద పటాలు, గీతలు చూసే ఇంజినీర్లకూ బాగుంటుంది. వారికోసం రాస్తే వారికోసమని రాయండి.

మళ్ళీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు కీబోర్డు, స్టాండు, ఛార్జరు అన్నీ కలిపి ఒకసారి తూచండి. రైలు సీటులో ఒక గంట, మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక పది నిమిషాలు వాడి రాయండి. ధూళిలో పరీక్షకు చోటు కావాలంటే మార్చి నెలలో మా యార్డుకు రండి. టిక్కీలు దించే వేళకు నేనే దగ్గరుండి చూపిస్తాను. రుమాలు మాత్రం మీరే తెచ్చుకోండి.

– ఒక బీమా సర్వేయర్, గుంటూరు