రైలు కట్ట మీద 45 మైళ్ళు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది జరిగిన సాంస్కృతిక కార్యక్రమాలు, పిల్లల తెలుగు తరగతుల సంగతులు మీకు ఎప్పటికప్పుడు తెలియజేస్తూనే ఉన్నాం. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో మీ ముందు పెడతారు. కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ భాగం మన ఉత్తర వర్జీనియాలోని నడక, సైకిళ్ళ దారి డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్) ట్రైల్ మీద మనం చేసిన నడకలకే కేటాయిస్తున్నాను. కార్యదర్శిగా ఈ ఏడాది నాకు బాగా తృప్తినిచ్చిన పని ఇదే.

దీనికి మూలం పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ అన్న మాట. "పిల్లలు ఆఫీసుకీ మనవలు స్కూలుకీ వెళ్ళాక సాయంత్రం దాకా నేను గడప దాటను. కారు లేకపోతే ఈ ఊళ్ళో కాళ్ళు లేనట్టే" అన్నారావిడ. ఆ మాటకి హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అందరి ఇళ్ళలోనూ అదే కథ. మనలో చాలామంది ఇళ్ళకి మైలు, రెండు మైళ్ళ దూరంలోనే ఆ ట్రైల్ వెళ్తోంది. రోజూ కార్లో దాన్ని దాటుతుంటాం. క్రాసింగ్ దగ్గర ఆగి, సైకిళ్ళు వెళ్ళాక మన దారిన మనం పోతాం. దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెద్దవాళ్ళతో కలిసి నడవాలని ఆ రోజే అనుకున్నాం. షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా సుమారు 45 మైళ్ళు. విడతకి ఐదు మైళ్ళ చొప్పున తొమ్మిది శనివారాల్లో పూర్తి చేశాం. ఐదు మైళ్ళూ నడవలేనివాళ్ళు ఓపిక ఉన్నంత దూరం నడిచారు. వాళ్ళని మధ్యలో దించడానికీ ఎక్కించుకోవడానికీ కార్లు పెట్టిన సభ్యులకి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

ఈ దారి ఒకప్పుడు రైలు కట్ట అని మనలో చాలామందికి తెలియదు. అలెగ్జాండ్రియా నుంచి వేసిన లైను 1860లో లీస్‌బర్గ్ చేరింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. 1861 జూన్ 17న సైనికులతో వస్తున్న రైలు మీద ఇక్కడి వియన్నా ఊరి దగ్గర ఫిరంగులు పేల్చారు. యుద్ధంలో వంతెనలు తగలబెట్టారు, పట్టాలు పీకేశారు. మళ్ళీ కట్టుకుంటూ పోయి 1900 నాటికి బ్లూమాంట్ దాకా తీసుకెళ్ళారు. తర్వాత కరెంటు బళ్ళు కూడా తిరిగాయి. రోడ్లూ లారీలూ పెరిగే కొద్దీ రైలుకి పని తగ్గింది. పర్సెల్‌విల్ అవతలి ముక్కని 1939లోనే వదిలేశారు. 1951లో ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి, 1968లో గూడ్సు కూడా ఆగి లైను మూతపడింది. స్థలాన్ని విద్యుత్ కంపెనీ కొనుక్కుంది. ఇప్పటికీ చాలా దూరం మన నెత్తి మీద కరెంటు తీగలు కనిపించేది అందుకే. 1974లో ఫాల్స్ చర్చ్‌లో చిన్న ముక్కని ప్రయోగంగా నడకదారి చేశారు. అది జనానికి నచ్చింది. అక్కడి నుంచి పెంచుకుంటూ 1988కి పర్సెల్‌విల్ దాకా పూర్తి చేశారు. 45 మైళ్ళ పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న పార్కు ఇది. వియన్నా నుంచి పర్సెల్‌విల్ దాకా పక్కనే గుర్రాల కోసం కంకర దారి కూడా ఉంది. తారు మీద నడిస్తే మోకాళ్ళు నొప్పి అన్నవాళ్ళు దాని మీద నడిచారు.

మాతో నడిచినవాళ్ళలో ఒక సభ్యుడి నాన్నగారు ఉన్నారు. రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా, అంటే పట్టాలూ కట్టా బాగోగులు చూసే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. మొదటి రెండు వారాలు ఆయన పెద్దగా మాట్లాడలేదు. లీస్‌బర్గ్ దాటి క్లార్క్స్ గ్యాప్ వైపు ఎక్కుతున్నప్పుడు ఉన్నట్టుండి ఆగి చేతికర్రతో చూపించారు. "ఇది కటింగ్. గుట్టని మధ్యకి కోసేశారు. ఇందాక మనం నడిచింది కట్ట, ఇక్కడ తవ్విన మట్టి అక్కడ పోసుంటారు." రెండు వైపులా నిలువుగా లేచిన గట్టు, దాన్నించి ఊరుతున్న చెమ్మ, కింద ఆకులు నిండిన సన్నటి కాలువ ఉన్నాయి. ఆయన కర్రతో ఆకులు పక్కకి తీస్తే అడుగున నీళ్ళు పారుతున్నాయి. "చూశారా, సైడ్ డ్రెయిన్ ఇంకా పని చేస్తోంది. పట్టాలు పోయినా కట్టని కాపాడుతున్నది ఇదే" అన్నారు.

దారి ఎందుకు అంత సాఫీగా ఉంటుందో కూడా ఆయనే చెప్పారు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. వాలు కాస్త ఎక్కువైతే ఇంజను బరువు లాగలేదు. అందుకే రైలు దారికి నూటికి ఒకటి రెండు అడుగులకి మించి ఎత్తు ఇవ్వరు. గుట్ట వస్తే తవ్వుతారు, పల్లం వస్తే పూడుస్తారు, అదీ కాకపోతే చుట్టు తిప్పుతారు. రైలు కోసం పడ్డ ఆ కష్టం ఇప్పుడు డెబ్భై ఏళ్ళ మోకాళ్ళకి పనికొస్తోంది. వీల్‌చెయిర్‌లో ఉన్న మన సభ్యురాలి అత్తగారు మూడు విడతలు మాతో వచ్చారంటే కారణం ఆ వాలే.

కటింగ్ చూసిన రోజే క్లార్క్స్ గ్యాప్ దగ్గర రాతి కమాను కిందనుంచి వెళ్ళాం. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఆగి ఆ రాళ్ళని చేత్తో తడిమి చూశారు. ఆ రోజు తీసిన ఫొటోలన్నిట్లోనూ నాకు నచ్చింది అదే.

ఇక జరిగిన పొరపాట్లు. యాష్‌బర్న్ విడత జూలైలో పెట్టి పది గంటలకి బయల్దేరదీశాం. తీగలకి అడ్డం రాకుండా చెట్లు కొట్టేస్తారు కాబట్టి ఆ వైపు నీడ తక్కువ. గంట తిరక్కుండానే ఒక బాబాయిగారికి కళ్ళు తిరిగాయి. నీళ్ళు పట్టించి, కార్లో కూర్చోబెట్టాక తేరుకున్నారు. ఆ అరగంట మేమందరం పడ్డ టెన్షన్ చెప్పలేను. తప్పు పూర్తిగా కార్యవర్గానిది. ఆ తర్వాత వేసవి నడకలన్నీ ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టాం.

రెండోది సైకిళ్ళ విషయం. వెనకనుంచి వచ్చేవాళ్ళు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తారు. మీ ఎడమ పక్కనుంచి దాటుతున్నాను, మీరు కుడి పక్కనే ఉండండి అని దాని అర్థం. 'లెఫ్ట్' అని వినపడగానే మన పెద్దవాళ్ళు సరిగ్గా ఎడమకే జరిగేవారు. పైగా ఎడమ పక్కన నడవడం పుట్టినప్పటినుంచీ అలవాటు. వియన్నా దగ్గర ఒకావిడని సైకిల్ వెంట్రుకవాసిలో తప్పుకుంది. ఆ రోజు నుంచి నడక ముందు ఐదు నిమిషాలు ఇదే పాఠం: కుడి అంచున నడవాలి, ఇద్దరికి మించి పక్కపక్కన నడవకూడదు, అరుపు వినపడితే ఉన్నచోటే ఉండాలి. దయచేసి ఇంట్లో కూడా పెద్దవాళ్ళకి ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పండి. రోడ్డు దాటే చోట్ల బండి పూర్తిగా ఆగాకే అడుగు వేయాలని కూడా చెప్పండి.

అక్టోబరులో సైకిల్ తొక్కగలిగినవాళ్ళం గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్‌కి వెళ్ళొచ్చాం. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళ దారి అది. అదీ పాత రైలు దారే. మేము మధ్యలో డీల్ అనే ఊరి దగ్గర మొదలుపెట్టి కంబర్లాండ్‌కి దిగాం. 2,392 అడుగుల ఎత్తున జలవిభాజకం దాటాం. దానికి ఇవతల పడ్డ వాన అట్లాంటిక్‌కీ, అవతల పడ్డది మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకీ పోతుంది. ఆ తర్వాత బిగ్ శావేజ్ సొరంగం, 3,294 అడుగులు. లోపల దీపాలున్నాయి కానీ బయటి ఎండలోంచి వెళ్ళేసరికి కాసేపు ఏమీ కనిపించదు. చల్లటి గాలి మొహానికి కొడుతుంది. పిల్లలు అరిచిన అరుపు తిరిగి వచ్చేదాకా ఆగి, మళ్ళీ అరిచారు. చలికాలంలో సొరంగం మూసేస్తారు, వెళ్ళాలనుకునేవాళ్ళు ముందుగా చూసుకోండి.

తొమ్మిది విడతలతో పని అయిపోయిందని మేము అనుకున్నాం. పెద్దవాళ్ళు అలా అనుకోలేదు. హెర్న్‌డన్ పాత స్టేషన్ దగ్గర ఇప్పుడు వారంలో మూడు రోజులు పొద్దున్నే వాళ్ళంతట వాళ్ళే కలుస్తున్నారు. పోయిన సమావేశంలో గడప దాటనన్న పెద్దావిడ ఆ గుంపుకి ఫోన్లు చేసి లేపుతారు. ట్రైల్ మీద అరమైలుకొక గుర్తు ఉంటుంది కదా, ఎవరు ఎక్కడున్నారో ఆ అంకెతో చెప్పుకుంటారు.

వచ్చే ఏడాది ఇదే దారిని పర్సెల్‌విల్ నుంచి వెనక్కి నడవాలని ప్రతిపాదన. వీల్‌చెయిర్ నెట్టడానికి విడతకి ఇద్దరు, ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళు ఒకరు కావాలి. పేర్లు సర్వసభ్య సమావేశం రోజు ద్వారం దగ్గర పెట్టే పుస్తకంలో రాయండి. మొదటి నడక ఏప్రిల్ రెండో శనివారం, ఉదయం ఎనిమిదికి, పర్సెల్‌విల్ పాత రైల్వే స్టేషన్ ముందు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి