ముక్కలు పడేసి లేవడం కూడా రావాలి

సంపాదకులకు,

మొన్నటి ఆదివారం అనుబంధంలో పోకర్ అనే పందెం పేకాట మీద మీరు వేసిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని ఆగాను. ఎవరూ రాయలేదు. పోకర్ గెలిచేవాళ్లది పుట్టుకతో వచ్చిన ప్రతిభట, కంప్యూటర్ లాంటి బుర్రట, ఎదుటివాడి మొహం చూసి ముక్కలు చెప్పేస్తారట! క్రమశిక్షణ సంగతి ఎక్కడో చివర్లో అర వాక్యం. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలోకి వెళ్లే పత్రిక రాయాల్సిన రాతేనా ఇది?

ప్రతిభే చాలంటే స్టూ అంగర్ కథ వేసి ఉండాల్సింది. న్యూయార్క్ మనిషి. ఇద్దరు ఆడే జిన్ రమ్మీలో అతని ఎదురుగా కూర్చునే ధైర్యం ఎవరికీ లేక, ఆడేవాళ్లు దొరక్క పోకర్‌లోకి వచ్చాడు. పోకర్ ఆటగాళ్లకు అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌ను 1980లో, 1981లో, మళ్లీ 1997లో గెలిచాడు. 1990లో ఏం జరిగిందో చూడండి. ఆట మూడో రోజు మత్తుమందు ఎక్కువై హోటల్ గదిలో స్పృహ లేకుండా దొరికాడు. టేబుల్ దగ్గర కుర్చీ ఖాళీ. ప్రతి చుట్టుకీ కట్టాల్సిన తప్పనిసరి పందేలు (బ్లైండ్లు) అతని పందెం బిళ్లల్లోంచి (చిప్స్) పోతూనే ఉన్నాయి. అయినా తొమ్మిదో స్థానం వచ్చింది, అంతకుముందే అన్నేసి చిప్స్ గెలిచి పెట్టుకున్నాడు మరి. 1997లో పది లక్షల డాలర్ల బహుమతి కొట్టిన ఆటకు ఎంట్రీ ఫీజు కట్టింది కూడా ఇంకొకరు. ఆ మరుసటి ఏడాది నవంబరులో లాస్‌వెగాస్‌లోని ఒక చవక మోటెల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 45. పోకర్‌లో గెలిచింది గుర్రప్పందేలకు, డ్రగ్స్‌కు పోసేశాడు. అతనికి లేని ప్రతిభ ఇంకెవరికి ఉంది?

నేను లెక్కల మాస్టారిని, ఇప్పుడు రిటైరయ్యాను. లెక్క చెప్పకుండా ఉండలేను. పోకర్‌లో మొదట పంచే రెండు ముక్కలూ ఆసులు కావడం సగటున 221 సార్లకు ఒకసారి. మిగతా వేళల్లో మంచి ఆటగాడు ఎక్కువసార్లు చేసేది ఒక్కటే, ముక్కలు పడేసి చూస్తూ కూర్చోవడం. గంటలకు గంటలు. పోనీ ఆసులు వచ్చాయి, ఎదుటివాడికి రెండు రాజులు పడ్డాయి, ఇద్దరూ ఉన్నదంతా ఒడ్డారు. అప్పుడు కూడా వందలో 18 సార్ల దాకా రాజులే గెలుస్తాయి. అసలు పరీక్ష అప్పుడే. తప్పేమీ ఆడకుండానే డబ్బు పోయింది. ఆ కోపంలో తర్వాతి చేతికి రెట్టింపు పెడతాడా, లేక ఎప్పటి ఆటే ఆడతాడా? చేతిలో ఉన్నదాంట్లో ఎంత భాగం ఒక్క ఆటకు పెట్టాలో ముందే గీత గీసుకుని, ఆ గీత దగ్గర ఆగేవాడే ఈ ఆటలో మిగులుతాడు. సంభావ్యత ఏ పుస్తకం చదివినా వస్తుంది, ఈ ఆగడం రాదు.

మన రమ్మీలో మాత్రం వేరేనా? మా క్లబ్బులో ఒకాయన పడిన ప్రతి ముక్కా గుర్తుపెట్టుకునేవాడు. ఇస్పేటు ఎనిమిది ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో చెప్పేవాడు. కానీ ఆటకు తప్పక ఉండాల్సిన ప్యూర్ సీక్వెన్స్ (జోకర్ లేకుండా ఒకే గుర్తులో వరుస ముక్కలు) ఛాయ కూడా లేని పదమూడు ముక్కలు పట్టుకుని, జోకర్ ఒక్కటుంది కదా అని కూర్చునేవాడు. మొదట్లోనే ముక్కలు పడేస్తే (ఫస్ట్ డ్రాప్) 20 పాయింట్లతో పోయేదానికి, చివరిదాకా ఆడి ఓడి ఫుల్ కౌంట్ 80 రాయించుకునేవాడు. ఆయన పక్కనే ఇంకో పెద్దమనిషి. జ్ఞాపకశక్తి అంతంతమాత్రం. ముక్కలు పేర్చి చూసుకుని, చప్పుడు చేయకుండా బోర్లా పెట్టి, టీ తెప్పించుకునేవాడు. ఇంటికి డబ్బుతో వెళ్లింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక మన చట్టాలు, కోర్టులు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది. అప్పటినుంచీ అందరూ నైపుణ్యమా, అదృష్టమా అని కొట్టుకోవడమే. పశ్చిమబెంగాల్ చట్టం పోకర్‌ను జూదం లెక్కలోంచి తీసేసింది. గుజరాత్ హైకోర్టు 2017లో జూదమే పొమ్మంది. అవే 52 ముక్కలండీ! ఆడేవాడికి నిగ్రహం ఉందా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. కంపెనీలకు అదే కావాలి. 'నైపుణ్యం ఉన్నవాడివి, నువ్వు ఓడిపోవడమేంటి' అని నమ్మించి, పదివేలు పోయినవాడితో ఇంకో పదివేలు కట్టించారు. తెలంగాణ 2017లో, మనం 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపామన్నాం. లొకేషన్ మార్చుకుని ఆడినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చివరికి 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమైనా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించకూడదని చట్టం తెచ్చింది. సంతోషం. ఎన్ని కొంపలు మునిగాక?

అధికారుల సంగతి సరేసరి. ఏడాది పొడుగునా చెట్టు కింద పేకాడే నలుగురు కూలీలను పట్టుకుని, టేబుల్ మీద 2,300 రూపాయలూ పేకముక్కలూ పేర్చి ఫొటో దిగుతారు. సంక్రాంతి మూడు రోజులూ మా వైపు బరుల పక్కన ఫ్లడ్‌లైట్ల కింద గుండాటలు నడుస్తుంటే అదే పోలీసులు ట్రాఫిక్ సర్దుతుంటారు.

మీ పత్రికనూ వదలను. రమ్మీ యాప్‌ల ప్రకటనలు పేజీలకు పేజీలు వేసినప్పుడు 'వ్యసనంగా మారవచ్చు' అన్న హెచ్చరిక భూతద్దం పెట్టినా కనిపించేది కాదు. ఇప్పుడు చట్టం వచ్చి ప్రకటనలు ఆగాయి కాబట్టి, ఆ లోటు వ్యాసాలతో పూడుస్తున్నారా?

ఈ లేఖ పొడుగైందని మీ డెస్క్‌వాళ్లు ఎలాగూ కత్తిరిస్తారు. పోలీసుల మాట, మీ ప్రకటనల మాట తీసేసినా ఏమీ అనుకోను. స్టూ అంగర్ పేరా మాత్రం ఉంచండి.

– ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు, భీమవరం