వాన రోజున వచ్చి కొలవండి

సంపాదకుడు గారికి,

మా ఇల్లు ఊళ్లో పల్లంలో ఉంది. గట్టి వాన పడితే ముందు బాత్‌రూమ్ జాలీలో గుడగుడమని చప్పుడు, ఆ వెనకే ఇంట్లోకి మురుగు. మబ్బు పట్టినా టెన్షనే. డ్రైనేజీకి కొత్త ప్లాన్ వేస్తున్నారని విని సంతోషించాను. కానీ మురుగు పైపులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో ఎండాకాలంలో కొలతలు తీస్తే ఏం తెలుస్తుంది? అప్పుడు పైపులో ఇళ్ల వాడకం నీళ్లే ఉంటాయి. వాన రోజున డాబాల మీది నీళ్లు, మ్యాన్‌హోల్ మూతల సందుల్లో దిగే వరద, పగిలిన అతుకుల్లోంచి ఊరే నీళ్లు అన్నీ అందులోకే చేరతాయి. ముందు ఆ వాననీటిని వేరు చేయాలి. అది వదిలేసి మెరకలో పెద్ద పైపు వేస్తే మురుగు మా మీదికి ఇంకా త్వరగా వస్తుంది. మురుగు వెనక్కి తన్నకుండా పల్లపు ఇళ్లకు ఈలోగానే వాల్వులు బిగించాలి. ప్లాన్ ఖరారయ్యే ముందు ఇంజినీర్లు మా వీధికి రావాలి. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీది చారలు చూపిస్తాం.

— పల్లపు వీధి గృహిణి