ఇన్నోవా వారం రోజులు షెడ్డులో: బుక్ చేసుకున్నవాళ్లకు ఒక మాట

మా దగ్గర ఇన్నోవా బుక్ చేసుకునే వాళ్లందరికీ ముందుగా అసలు సంగతి. వచ్చే సోమవారం నుంచి శనివారం దాకా ఆ బండి తిరగదు. ఇంజను వెనక ఆయిల్ సీల్, అంటే ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు, మార్చాలి. ఆ వారానికి అడ్వాన్స్ కట్టినవాళ్లకు తిరుమల, శ్రీకాళహస్తి లాంటి దగ్గరి ట్రిప్పులైతే ఎర్టిగా పంపుతాం, ఎర్టిగా రేటుకే. ఏడుగురూ లగేజీతో వస్తే అందులో ఇరుకే, ఆ మాట ముందే చెబుతున్నా. కాణిపాకం మీదుగా వేలూరు శ్రీపురం, అరుణాచలం వెళ్లేవాళ్లకు పెద్ద బండే కావాలంటే తెలిసినవాళ్ల బండి మాట్లాడి పెడతాం. అదీ వద్దంటే అడ్వాన్స్ మొత్తం వాపసు, ఒక్క రూపాయి పట్టుకోం.

కొన్నాళ్లుగా పొద్దున బండి తీయగానే కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తున్నాయి. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట, బెల్ హౌసింగ్ అడుగు నుంచి. "చుక్కే కదన్నా, లెవల్ చూసుకుంటా తిప్పుకోవచ్చు" అని మా లైనులో చాలామంది అన్నారు. చదును రోడ్ల మీద తిరిగే బండికైతే కొన్నాళ్లు నడుస్తుందేమో. మనది కొండ. మా ఇన్నోవాలో ఇంజను బండి పొడవునా ఉంటుంది, దాని వెనకే గేర్‌బాక్స్. అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి ముందుభాగం పైకి లేచి, ఇంజను అడుగునున్న చాంబర్‌లో ఆయిల్ వెనక్కి చేరుతుంది, సరిగ్గా ఆ సీల్ వైపుకే. కారిన ఆయిల్ క్లచ్ ప్లేటుకి అంటిందంటే క్లచ్ జారుతుంది, ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. వెనక బస్సు, లోపల పెద్దవాళ్లు, ముందు మలుపు. అక్కడ ఆ పరిస్థితి వస్తే ఎవరికి టెన్షన్ కాదు? అందుకే బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే చేయిస్తున్నాం.

సీల్ ఖరీదు పెద్దది కాదు, రెండు వేల లోపే. డబ్బంతా దాని దగ్గరికి చేరడానికే పోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, గేర్‌బాక్స్ దించాలి, క్లచ్, ఫ్లైవీల్ తీయాలి. అప్పుడు గానీ అది కంటికి కనపడదు. పని సరిగ్గా కుదరకపోతే ఇదంతా మళ్లీ మొదటి నుంచి. కాబట్టి ఎవరి చేతికిస్తున్నామన్నదే నాకు ధర కన్నా పెద్ద ప్రశ్న అయింది.

ముగ్గురిని అడిగాను. ఒకాయన ఫోన్లోనే 9,000 అనేశాడు. బండి చూడలేదు, ఏ మోడలని కూడా అడగలేదు. గేర్‌బాక్స్ కిందికి దిగాక ఆ 9,000 ఎంతవుతుందో ఎవరికి తెలుసు? విప్పిన బండిని ఇంకో షెడ్డుకి తోసుకుపోలేం కదా, అప్పుడాయన ఎంతంటే అంత. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు మర్యాదగా చూసి, 46,000 అని కాగితం మీద రాసిచ్చారు. వాళ్లను తప్పుపట్టను. బండి వారంటీలో ఉంటే కళ్లు మూసుకుని అక్కడికే పోయేవాణ్ణి. కానీ కారేది ఆ సీలే అని ఎలా తేల్చారంటే మాత్రం సరైన జవాబు రాలేదు.

మూడో ఆయనది తిరుచానూరు రోడ్డు వైపు చిన్న షెడ్డు. ధర మాటే ఎత్తలేదు. "ముందు ఇంజను బాగా కడిగించి, రెండు రోజులు తిప్పి తీసుకురా అన్నా" అన్నాడు. పైన ట్యాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ కారినా ఆయిల్ ఇంజను వెనక గోడ మీదుగా జారి ఇదే చోట చుక్కలుగా పడుతుందట. అది నిజమే, ప్యాకింగ్‌తో పోయేదానికి గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్లు నాకు తెలుసు. మళ్లీ తీసుకెళ్తే పైనంతా పొడిగా ఉంది, కిందే తడి. ఆ తడిని వేలితో తీసి వాసన చూశాడు. గేర్ ఆయిల్‌కి ఘాటు వాసన ఉంటుంది, ఇది ఇంజను ఆయిలే. ఆ తర్వాత ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు విప్పి చూశాడు. అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి కొత్త సీలుని కూడా తన్నేస్తుంది. మాది సగం మూసుకునే ఉంది, శుభ్రం చేయించాలి.

నేనూ ఊరికే ఉండక, సీల్ ఎక్కించేటప్పుడు ఆయిల్ రాస్తావా అని అడిగాను. "కొన్నిటికి రాయాలి, కొన్ని పొడిగానే ఎక్కించాలి. డబ్బాలో కాగితం చూసి చెబుతా" అన్నాడు. నాకు ఆ జవాబు చాలు.

ఆయన చెప్పింది 31,000, అందులో క్లచ్ సెట్టు, రిలీజ్ బేరింగ్ కూడా. క్లచ్ ఇంకా కొన్నాళ్లు వచ్చేదే. కానీ రేపు అది పోతే మళ్లీ అదే గేర్‌బాక్స్ దించాలి, అదే లేబర్ కట్టాలి. సీల్ రుద్దుకున్న చోట క్రాంక్ (ఇంజనులో తిరిగే ఇరుసు) మీద గీత పడి ఉంటే పైన పల్చటి తొడుగు, అంటే స్లీవ్, వేయాలి, దానికి ఖర్చు వేరు. ఆ విషయం విప్పాక ఫొటో పంపి, నన్ను అడిగాకే చేస్తానన్నాడు. ఆరు నెలల్లో అదే చోట కారితే లేబర్ తీసుకోనని బిల్లు మీద రాయించుకుంటున్నాను. సీల్ మాత్రం రేణిగుంట రోడ్డులో పార్ట్ నంబరు చూసి నేనే కొనిస్తాను.

ఈ ఖర్చు చూపించి రేట్లు పెంచుతారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పెంచం. ఈ సీజన్‌కి అవే రేట్లు.

బండి శనివారం చేతికొస్తే ఆదివారం మా డ్రైవర్ ఖాళీగా ఒకసారి కొండెక్కి దిగుతాడు, భాకరాపేట ఘాట్ కూడా చూసొస్తాడు. కింద పొడిగా ఉంటేనే సోమవారం నుంచి ఇన్నోవా బుకింగులు తీసుకుంటాం. గీత పడి స్లీవ్ అవసరమైతే ఇంకో రెండు రోజులు పట్టొచ్చు. అలా అయితే ఆ తేదీలవాళ్లకు గురువారం లోపే నేనే ఫోన్ చేస్తాను.