పన్నెండో ఘాతం ప్రకృతి నియమం కాదు

సంపాదకులకు,

కంప్యూటర్‌తో మందుల అణువులను రూపొందించే తీరుపై మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం ఆసక్తికరంగా ఉంది. అయితే అణువులు మరీ దగ్గరైనప్పుడు పుట్టే వికర్షణ శక్తి దూరపు పన్నెండో ఘాతానికి విలోమంగా ఉంటుందని, అదేదో విద్యుదావేశాల మధ్య బలాన్ని తెలిపే కూలుంబ్ సూత్రం వంటి నియమమన్నట్టు రాయడం సరికాదు.

ఆ పన్నెండు, అణువుల మధ్య శక్తిని లెక్కగట్టే లెనార్డ్-జోన్స్ సూత్రం లోనిది; అందులో వికర్షణను పన్నెండో ఘాతం, ఆకర్షణను ఆరో ఘాతం తెలుపుతాయి. ఆరో ఘాతానికి 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటం సిద్ధాంతం నుంచి ఆధారం చూపారు. పన్నెండుకు అలాంటి ఆధారం ఏదీ లేదు. వికర్షణకు ప్రధాన కారణం, రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవనే పౌలి వర్జన నియమం. ఎలక్ట్రాన్ మేఘాల అంచులు ఘాతీయ ప్రమేయాన్ని (ఎక్స్‌పొనెన్షియల్: దూరం సమానంగా పెరిగే ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో తగ్గేది) అనుసరించి పలచబడతాయి కనుక, అవి ఒకదానిలో ఒకటి చొరబడినప్పుడు పుట్టే వికర్షణ కూడా దాదాపు అలాగే మారుతుంది. 1932లో బోర్న్, మేయర్ ఉప్పు వంటి అయాను స్ఫటికాలకు వాడిన రూపం ఇదే.

మరి పన్నెండే ఎందుకంటే, లెక్కకు సులువు కాబట్టి. దూరపు వర్గం తెలిస్తే చాలు, దాని ఘనం నుంచి ఆరో ఘాతం, ఆ ఆరో ఘాతపు వర్గం నుంచి పన్నెండో ఘాతం వచ్చేస్తాయి, వర్గమూలం తీసే పని కూడా ఉండదు. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో బోధించిన అనీసుర్ రహమాన్ 1964లో అమెరికాలో 864 ఆర్గాన్ పరమాణువుల ద్రవాన్ని కంప్యూటర్‌పై నడిపించి చూపినప్పుడు వాడిందీ ఈ లెనార్డ్-జోన్స్ సూత్రాన్నే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనబడకపోవడం వేరే విచారం.

ఈ సులువుకు మూల్యం ఉంది. ఈ సూత్రం ప్రకారం రెండు ఆర్గాన్ పరమాణువుల మధ్య 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) దగ్గర శక్తి సున్నా. ఆ దూరాన్ని అయిదో వంతు తగ్గించి 2.72 చేస్తే, ఆ శక్తి ఆకర్షణ గరిష్ఠ శక్తికి దాదాపు 43 రెట్లకు ఎగబాకుతుంది. అసలు పరమాణువులు ఇంత కరకుగా ఎదురు తిరగవు. అలాగని ఘాతీయ రూపమూ నిర్దోషి కాదు: ఆ రూపాన్ని వాడే 1938 నాటి బకింగ్‌హామ్ సూత్రంలో దూరం సున్నాకు చేరేకొద్దీ వికర్షణ ఒక పరిమితి దగ్గర ఆగిపోతే, ఆకర్షణ శక్తి మాత్రం రుణ అనంతానికి పడిపోయి, పరమాణువులు ఒకదానిలో ఒకటి కూలిపోతాయి. దీన్ని అదుపు చేయడానికే 1984లో టాంగ్, టోనీస్ ఆకర్షణను దగ్గరి దూరాల్లో క్రమంగా తగ్గించే పద్ధతిని ఇచ్చారు.

మీ వ్యాసం చెప్పిన మందుల రూపకల్పనలో ఇది మరీ ముఖ్యం. మందు అణువు ఇమడాల్సిన ప్రోటీను గుంటలో పరమాణువుల స్థానాలు ఆంగ్‌స్ట్రామ్‌లో కొద్ది వంతు అటూఇటూ అయినా, నిక్షేపంగా ఇమిడే అణువును ఆ పన్నెండో ఘాతపు నిటారు గోడ తోసిపుచ్చగలదు. అందుకే అణువు గుంటలో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌తో చూసే కొన్ని డాకింగ్ పద్ధతుల్లో వికర్షణను కావాలనే మెత్తబరచి, పన్నెండుకు బదులు తొమ్మిదో ఘాతాన్నో అంతకు తక్కువదాన్నో వాడతారు.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
వరంగల్